పోయింది ఆశ కాదు... దండు!

బెజవాడ బస్టాండులో ఊరికి వెళ్లే ఆఖరి బస్సు తప్పిపోయినవాడు ఎలా నిలబడతాడు? 'దిక్కులు చూస్తూ' అంటాం మనం. ఇంగ్లిషువాళ్లయితే 'ఫర్లార్న్‌లీ' అంటారు. ఏ ఆశా, ఏ ఆసరా లేనట్టుగా అని.

అందులో 'ఫర్' అంటే పూర్తిగా, 'లార్న్' అంటే పోయిన. ఇప్పటి 'లాస్ట్'కి పాతకాలపు చుట్టం. ప్రేమ దక్కక కుమిలిపోయేవాణ్ని 'లవ్‌లార్న్' అనడంలో ఉన్నదీ ఆ లార్నే. విచిత్రంగా మన 'దిక్కుమాలిన' అల్లికా అంతే. మాలడమంటే లేకుండాపోవడం. సిగ్గుమాలిన, పనికిమాలిన... అన్నీ ఆ బాపతే!

అసలు తమాషా 'ఫర్లార్న్ హోప్' అనే మాటది. వినగానే 'అడుగంటిన ఆశ' అనిపిస్తుంది. కానీ అందులో ఆశే లేదు! అది డచ్చివారి 'వెర్లోరెన్ హోప్'. వాళ్ల భాషలో హోప్ అంటే కుప్ప, గుంపు. కోటగోడకు గండి పడగానే అందరికన్నా ముందు దూరే దండుకి ఆ పేరు. తిరిగొస్తారన్న నమ్మకం ఉండదు కాబట్టి... 'పోయిన గుంపు'. పదహారో శతాబ్దంలో అది ఇంగ్లిషువారి చెవిన పడి, వాళ్ల 'హోప్'లో కలిసిపోయింది.

మాట పుట్టింది ఎక్కడో ఐరోపాలో. ఆ రెండు భాషలవాళ్లూ మాత్రం మన బందరులో ఇరుగుపొరుగుగా బతికారు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లిషువారు వ్యాపారానికి దిగారు. తిరిగివెళ్లని డచ్చివారి సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి, రాళ్ల మీద వాళ్ల భాషతో సహా.

మళ్లీ మన మాటకొస్తే, దిక్కు అంటే తూర్పూ పడమరా మాత్రమే కాదు. 'దేవుడే దిక్కు' అన్నప్పుడు అది అండ. ఇప్పుడు 'దిక్కుమాలిన కరెంటు', 'దిక్కుమాలిన సీరియల్' అని విసుక్కోవడానికి వాడేస్తున్నాం గానీ, కృష్ణా డెల్టాలో పెద్దవాళ్లకి ఈ మాట వేరు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. వేల ప్రాణాలు పోయాయి. ఇళ్లు కొట్టుకుపోయి ఏది ఎవరి వీధో పోల్చుకోలేని ఊళ్లలో, ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని మిగిలిన పిల్లల్ని దిక్కులేనివాళ్లన్నారు. రెండర్థాల్లోనూ.