తాతయ్య అడుగు ఎందుకు ఆగింది?

రెండేళ్ల కిందటి మాట. పెన్షన్ పని మీద మా తాతయ్యను చిక్కడపల్లి నుంచి బషీర్‌బాగ్‌లోని బ్యాంకుకి తీసుకొచ్చాను. పని ముగించుకుని రోడ్డు దాటబోతుంటే ఆయన ఉన్నట్టుండి ఆగిపోయారు. పాదాలు నేలకి అంటుకుపోయినట్టు నిలబడ్డారు. "తాతయ్యా, త్వరగా నడవండి!" అని కసిరాను. "నడవాలనే ఉందిరా, కాలు మాట వినటం లేదు" అన్నారు. తర్వాత తలవంచి రోడ్డు మీది తెల్లగీతను చూసి, దాన్ని దాటడానికి కాలెత్తారు. ఆ పైన ఇంకో గీత, మరో గీత. చక్కగా అవతలికి చేరుకున్నారు!

అప్పటికి ఏడాదిగా ఆయన చేతిరాత చిన్నదైపోతోంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. వయసు అన్నారు నాన్న. బద్ధకం అన్నాను నేను. డాక్టరుగారు అది పార్కిన్సన్ వ్యాధి అని తేల్చాక సిగ్గుపడి, సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. నాకు బోధపడినంతవరకు మిత్రులకి చెప్తాను.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల్ని గమనించి, దీన్ని 'వణుకు పక్షవాతం' అన్నాడు. మన ఆయుర్వేదంలో దీనికి దగ్గరగా ఉన్న జబ్బును కంపవాతం అంటారు. నిజానికి ఇది పక్షవాతం కాదు. కండరాల్లో బలం ఉంటుంది. లోపం వాటికి ఆజ్ఞ అందే దారిలో ఉంది.

మధ్యమెదడులో నల్లని కణాల గుంపు ఒకటి ఉంది. పేరు సబ్‌స్టాన్షియా నైగ్రా, అంటే నల్ల పదార్థం. ఈ కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని పైనున్న స్ట్రయేటంకి అందిస్తాయి. ఈ జబ్బులో ఆ కణాలు క్రమంగా చచ్చిపోతాయి. లక్షణాలు మన కంటబడేసరికి వాటిలో చాలా భాగం పోయి ఉంటాయి.

డోపమిన్ తగ్గితే కదలిక ఎందుకు ఆగాలి? సాయంత్రంపూట నారాయణగూడ చౌరస్తాని తలుచుకోండి. అన్ని వైపుల వాహనాల్నీ ఆపి ఉంచి, ఒక్క వైపే వదులుతారు. మెదడు అడుగున ఉన్న బేసల్ గాంగ్లియా చేసేదీ దాదాపు అదే. మామూలుగా థాలమస్‌ని 'ఆగు' అని పట్టి ఉంచుతుంది. కావలసిన కదలికకి మాత్రం పట్టు సడలిస్తుంది. ఆ సడలింపుకి డోపమిన్ కావాలి. అది తగ్గితే బ్రేకు బిగుసుకుపోతుంది. పైగా అక్కడి కణాలు సెకనుకి 13 నుంచి 30 సార్లు ఒకే లయలో స్పందించడం ఎక్కువవుతుంది. మన ఎన్నికల ఊరేగింపులో అందరూ ఒకే నినాదం అరుస్తుంటే వేరే మాట వినపడదు కదా, అలాగన్నమాట.

స్ట్రయేటంలో ముందుగా దెబ్బతినేది వెనక భాగం. అలవాటైన పనుల్ని ఆలోచన లేకుండా జరిపించేది ముఖ్యంగా అదే. అందుకే కొత్తగా సైకిలు నేర్చుకునేవాడిలా తాతయ్య ప్రతి అడుగూ ఆలోచించి వెయ్యాలి. నడుస్తూ మాట్లాడమంటే ఆగిపోతారు.

అయితే మెదడులో దారి ఒక్కటే కాదు. కంటికి కనిపించే గీతని, చెవికి వినిపించే లయని ఆసరా చేసుకుని కదలికని నడిపే మరో దారి చిన్నమెదడు మీదుగా పోతుంది. ఈ రోగుల్లో అది మామూలు కన్నా ఎక్కువగా పనిచేస్తున్నట్టు స్కానింగుల్లో కనిపించింది. తెల్లగీతల రహస్యం అదేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. త్యాగరాయ గానసభ కచేరీలు వదలని మా తాతయ్యకి ఇప్పుడు నేను చిటికెలతో ఆదితాళం వేస్తే కాలు కదులుతుంది. ఈ ఉపాయం అందరికీ పనిచెయ్యదు, జబ్బునీ ఆపదు.

మరి మందు సంగతి? రోగుల మెదళ్లలో డోపమిన్ తక్కువని 1960లో వియన్నాలో హార్నికీవిచ్ బృందం కొలిచి చూపింది. దాని ముడిసరుకైన డోపాని నోటి ద్వారా పెద్ద మోతాదుల్లో ఇస్తే మేలు కలుగుతుందని 1967లో అమెరికాలో కోట్జియాస్ చూపాడు. ఆ పదార్థం మన పొలాల గట్ల మీది దూలగొండి గింజల్లో ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపారు. అలాగని గింజలు నూరుకుని తాగకండి. మోతాదు తెలియకపోతే ప్రమాదం. మాత్రలు కూడా ఏళ్లు గడిచేకొద్దీ అదుపులేని కదలికలు తెచ్చిపెట్టవచ్చు. అలాంటి కొందరికి మెదడు లోతుల్లో సన్నని తీగ అమర్చి విద్యుత్తుతో ఆ మొండి లయని చెదరగొడతారు. ఈ చికిత్స మన పంజాగుట్ట నిమ్స్‌లో కూడా చేస్తున్నారు. చనిపోయిన కణాల్ని తిరిగి బతికించే మందు మాత్రం ఇంకా రాలేదు.

మిత్రులారా! మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతిరాత చిన్నదవుతున్నా, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోయినా, ముఖంలో భావం తగ్గినా, వాసన తెలియకపోయినా ముసలితనం అని కొట్టిపారెయ్యకండి. నరాల డాక్టరుకి చూపించండి. అన్నిటికన్నా ముందు కసరడం మానండి. తొందరపెడితే ఆ అడుగు ఇంకా బిగుస్తుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.