వానరోజున కాలువ గట్టుపై సైకిలు

మన పెద్దలు రాయవేలూరు అని పిలిచిన వేలూరు నుండి గుడియాత్తానికి సుమారు 30 కిలోమీటర్లు. సెలవుదినాన అక్కడివరకు వెళ్ళి, మోర్ధానా కాలువల గట్ల వెంబడి సైకిలుపై సాగదలచినవారు ముందుగా ఎరుగవలసినది ఒకటున్నది: ఆ నీరు వచ్చేది ఆంధ్రదేశం నుండే. కౌండిన్య నది చిత్తూరు జిల్లా కొండలలో పుట్టి మోర్ధానా జలాశయాన్ని చేరుతుంది. జలాశయం నిండితే మిగులు నీరు అలుగు పారి గుడియాత్తం పట్టణం గుండా పాలారు వైపు సాగుతుంది. కనుక పట్టణంలో చినుకు లేకున్నా, పలమనేరు వైపు కుండపోత కురిస్తే ఇక్కడ నది పొంగవచ్చు. 2021 నవంబరులో ఈ నది పొంగి పట్టణంలోని లోతట్టు ఇళ్ళను ముంచెత్తింది.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన కాలం. అప్పుడు గట్టు మన్ను నాని, చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ పేరుకుంటుంది; దిగి నడిపించుటే మేలు. తడిసిన బ్రేకులు ఆలస్యంగా పట్టును. కాలువ అంచున గట్టు లోపల కోసుకుపోయి ఉండవచ్చు. పైకి అది కనబడదు.

అన్నిటికన్న ప్రమాదకరమైనది తరైపాలం, అనగా నదికి అడ్డంగా నేలమట్టాన కట్టిన వంతెన. వడిగా పారే నీరు అరడుగు లోతున్నా మనిషి కాళ్ళను తప్పించగలదు. నీరు పైనుండి పారుతుంటే, స్థానికులు దాటుతున్నా సరే, వెనుదిరగాలి. ‘వెళ్ళ ఎచ్చరిక్కై’ అని వినిపిస్తే అది వరద హెచ్చరిక. జిల్లా విపత్తు సహాయానికి 1077, అంబులెన్సుకు 108.