కువైట్ చమురు, ఒక్కరి బండి

కువైట్ అనగానే చమురు బావులు గుర్తుకు వస్తాయి. మన పెద్దలు చెరకు తోటల పనికి ఓడ ఎక్కినట్లే, కడప, గోదావరి జిల్లాల తెలుగువారు అనేకులు విమానమెక్కి పనికోసం అక్కడికి పోతున్నారు. ఆ దేశానికీ, ఒక్క మనిషి కూర్చునే చిన్న విద్యుత్ బండికీ సంబంధమేమిటి?

ఈ బండి కొత్తది కాదు. 1881లో గుస్తావ్ త్రూవే అనే ఫ్రెంచి దేశస్థుడు మూడు చక్రాల సైకిలుకు మోటారు, బ్యాటరీలు అమర్చి పారిస్ వీధిలో నడిపాడు. తరువాత పెట్రోలు చవక కాగా అటువంటి బండ్లు వెనుకబడ్డాయి.

1973 అక్టోబరు 16న ఆరు గల్ఫ్ దేశాల ప్రతినిధులు కువైట్‌లో సమావేశమై చమురు ధరను 70 శాతం పెంచారు. మరునాడు అక్కడే అరబ్బు మంత్రులు ఉత్పత్తిని నెలనెలా 5 శాతం తగ్గించాలని తీర్మానించారు. అమెరికాలో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. అప్పుడు పాత ఆలోచన మళ్ళీ లేచింది. 1974లో ఫ్లోరిడాలో ఇద్దరు కూర్చునే సిటీకార్ తయారయింది.

ఒక్కరి బండిగా పేరు పొందినది సింక్లెయిర్ సి5. 1985 జనవరి 10న బ్రిటన్‌లో విడుదలయింది. వెల 399 పౌన్లు; వేగం గంటకు 24 కిలోమీటర్లు. పద్నాలుగేళ్ళ పిల్లలు కూడా లైసెన్సు లేకుండా నడపవచ్చు. కాని పైకప్పు లేదు. వానకు, చలికి రక్షణ లేదు. బండి మరీ పొట్టి కావడంతో లారీవారికి కనబడదేమోనని జనం భయపడ్డారు. ఆగస్టులోనే తయారీ ఆగింది. 1986లో చమురు ధర సగానికి పైగా పడిపోయింది. తొందర కూడా తగ్గింది. అయినా 1987లో డెన్మార్క్‌లో పైకప్పు గల మినీ-ఎల్ వచ్చింది. సి5 లోపాన్ని అది దిద్దింది.

కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల ఎండ నమోదయింది. అక్కడ కప్పులేని బండిలో ఎవరు పోగలరు? బండి చవకైతే చాలదు. ఊరి ఎండవానలకు, రోడ్డుకు తగినదై ఉండాలి.

మన మారిషస్‌లో చమురు బావులు లేవు. ధర ఎక్కడో నిర్ణయిస్తారు, చెల్లించేది మనం. విద్యుత్ బండి కొంటే ఆ బాధ తీరుతుందా? పూర్తిగా తీరదు. మన విద్యుత్తులో ఎక్కువ భాగం దిగుమతి చేసుకున్న బొగ్గు, చమురుల నుండే వస్తున్నది. కొంత భాగం మాత్రం చెరకు పిప్పిని కాల్చగా వస్తున్నది. మన తాతలు చెమటోడ్చి నరికిన చెరకే నేడు దీపం వెలిగిస్తున్నది. కనుక బండి కొనేముందు, దానికి విద్యుత్తు ఎక్కడినుండి వస్తుందో కూడా పిల్లలకు చెప్పుదాం.