వియన్నా నగరమున వృద్ధదంపతుల విహారము

వార్ధక్యము వచ్చినతోడనే విహారయాత్రలు ముగిసినవని మనలో పెక్కుమంది తలంచుచుందురు. స్త్రీల విషయమున నీ తలంపు మఱింత బలముగా నుండును. మోకాళ్లు నొచ్చుచున్నవని చెప్పిన నాటినుండి ఆమెకు గుడి దూరమగును, పేరంటము దూరమగును, తుదకు వీధియరుగే లోకమగును. భర్త యొక్కడే వెడలి, తాను చూచినది వచ్చి చెప్పును, ఆమె వినును. లేదా, ఆమెను విడిచి పోలేక యాతడును ఇంటనే కూర్చుండును. ఒకరి కాళ్లు నొచ్చుటచే నిద్దఱి లోకమును చిన్నదగుచున్నది. ఐరోపాఖండమునందు ఈ చిక్కును కొంతవఱకు దాటిన విధమును సోదరీమణులకు నివేదించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఇందుకు తోడ్పడు సాధనము మొబిలిటీ స్కూటరు అను బాటరీబండి. మన పిల్లలు నడుపు స్కూటరునకును దీనికిని పేరున మాత్రమే పోలిక. మూడో నాలుగో చిన్నచక్రములు, మెత్తని కుర్చీ, ముందొక చేతిపిడి, దానికొక బుట్ట: ఇదియే దీని స్వరూపము. పిడివద్దనున్న మీటను నొక్కిన బండి కదలును; విడిచిన నిలుచును. తేలికపాటి బండ్లు సాధారణముగా గంటకు 6 కిలోమీటర్ల వఱకు పోవును. వేగమును ఇంకను తగ్గించి, ప్రక్కను నడచువారి యడుగుతో సరిపెట్టుకొనవచ్చును. 1968వ సంవత్సరమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఆలన్ థీమ్ అనునాతడు, నరముల వ్యాధిచే నడక తగ్గిన తన కుటుంబములోని వారికొఱకు ఇట్టి బండిని నిర్మించి, దానికి ‘అమిగో’ యను పేరు పెట్టెను. స్పానిష్ భాషలో ఆ మాటకు స్నేహితుడని యర్థము.

చక్రముల కుర్చీ యుండగా వేఱొక బండి యేల యని యడుగవచ్చును. ఆ కుర్చీని సాధారణముగా నొకరు త్రోయవలెను. డెబ్బదియేండ్ల భర్త అంతే వయసుగల భార్యను నగరమంతయు త్రోసికొని తిరుగుట యెంత కష్టమో వేఱుగ చెప్పనక్కఱలేదు. అంతకంటె కష్టమైన దింకొకటి కలదు. త్రోయువారు వెనుక, కూర్చున్నవారు ముందు. ఒకరి ముఖ మొకరికి కానరాదు. బాటరీబండిలో నైనచో ఆమె తన యిచ్చ వచ్చినచోట నిలుపును, ఇచ్చ వచ్చినవైపు త్రిప్పును. భర్త ప్రక్కను నడచుచు మాటలాడును. ఆమె బరువు కాదు, తోడు. పదియడుగులు వేయగలిగియు ఫర్లాంగు దూరము నడువలేని వారికి ఇది మిక్కిలి యనుకూలము.

అయినను బండి మంచిదైనంత మాత్రమున చాలదు. త్రోవయు మంచిదై యుండవలెను. ఆస్ట్రియా రాజధానియగు వియన్నా యిందుకు తగిన నగరము. వృద్ధులకును అంగవైకల్యము గలవారికిని సౌకర్యములు కల్పించిన నగరములకు ఐరోపా సమాఖ్య యేటేట నొసగు బహుమతిలో, 2025వ సంవత్సరపు ప్రథమస్థానము దీనికే లభించినది. అచ్చటి భూగర్భ రైలుస్టేషనులకు లిఫ్టులు కలవు. ట్రాముబండ్లలో ఒక తరగతివాని లోపలి నేల వీధికి ఇంచుమించు 20 సెంటీమీటర్ల యెత్తున మాత్రమే యుండును.

ఇట్టి దంపతులు ఉదయము రింగ్‌స్ట్రాసె యను రాజవీధిలో బయలుదేఱినారనుకొందము. పూర్వము నగరమును చుట్టియున్న కోటగోడలను పడగొట్టుటకు ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి 1857లో నాజ్ఞాపించెను. ఆ స్థలముననే యీ వీధి వెలసి, 1865లో ప్రారంభింపబడెను. 5 కిలోమీటర్లకు మించిన యీ వీధి విశాలమై, చెట్ల నీడ గలిగి, బండి సాగుటకు హాయిగా నుండును. 1869లో తెఱవబడిన సంగీతనాటకశాల, పార్లమెంటు భవనము, పురమందిరము వరుసగా కన్నులకు విందు సేయును.

నగరమధ్యమున సెయింట్ స్టీఫెన్ దేవాలయము కలదు. దాని దక్షిణగోపురము 136 మీటర్ల యెత్తు. పైనున్న కావలిగదికి చేరుటకు 343 మెట్లు ఎక్కవలెను. అచ్చట మోకాళ్లనొప్పి గల యిల్లాలు క్రింద నిలువవలసినదే. కాని యుత్తరగోపురమునకు లిఫ్టు కలదు. బండిని క్రింద విడిచి, చేతికఱ్ఱ యూతతో నాలుగడుగులు వేయగలిగినచో, ఆమెయు భర్తతోగూడ పైనుండి నగరమును చూడవచ్చును. ఒక గోపురము దంపతులను విడదీయుచున్నది, మఱియొకటి కలుపుచున్నది.

మధ్యాహ్నము భూగర్భ రైలులో షోన్‌బ్రున్ రాజభవనమునకు పోవచ్చును. పదునాఱుగురు బిడ్డలను కని, సామ్రాజ్యమును నలువదేండ్లు పాలించిన మెరియా థెరీసా రాణికి వేసవి విడిది యిదియే. ఉద్యానమున కంకరత్రోవలును, పైన 1775లో గట్టిన మంటపమునకు పోవు ఎత్తును కలవు. ఎత్తెక్కునపుడు బాటరీ త్వరగా తఱుగును గాన, తిరుగు ప్రయాణమునకు చాలునో లేదో చూచుకొని మఱి యెక్కవలెను.

కష్టములు లేవని చెప్పజాలము. పాతసందులలోని రాతిపఱపు నడుమునకు బాధ కలిగించును. ట్రాముపట్టాల సందున చిన్నచక్రము చిక్కుకొనును గాన, వానిని అడ్డముగా తిన్నగా దాటవలెను. కొన్ని యంగళ్ల వాకిట నొక్కమెట్టే యుండి త్రోవ నరికట్టును. ఏ రైలున, ఏ ట్రామున ఎంత కొలత, ఎంత బరువు గల బండిని ఎక్కనిత్తురో ముందుగా విచారింపవలెను.

మన సోదరీమణులలో పెక్కుమంది యిప్పుడు బిడ్డలను చూచుటకు విదేశములకు పోవుచున్నారు. వారికి రెండుమూడు సంగతులు. 2006లో నేర్పడిన చట్టము ననుసరించి, ఐరోపా సమాఖ్య దేశముల విమానాశ్రయములలో నడువలేనివారికి రుసుము లేకయే సాయము చేయవలెను. 48 గంటలు ముందుగా విమానసంస్థకు తెలుపుట మన విధి. బాటరీ యెట్టిదో, ఎంత శక్తి గలదో అప్పుడే చెప్పి యనుమతి పొందవలెను. అచ్చటి విద్యుత్తు మనవలెనే 230 వోల్టులు. కాని ప్లగ్గు వేఱు గాన, తగిన మార్పుప్లగ్గును దగ్గఱ నుంచుకొనవలెను.

బండి నెక్కుటకు సిగ్గుపడువారు కలరు. కంటికి అద్దములు పెట్టుకొనుటకు లేని సిగ్గు కాళ్లకు చక్రములు పెట్టుకొనుటకేల? వియన్నాకు పోవుట యందఱికి సాధ్యము కాదు. కాని యా నగరము నేర్పు పాఠము మన యిండ్లకును వర్తించును. ముసలి యత్తగారు, తల్లిగారు గదిలోనే యుండిపోవుటకు కారణము మోకాళ్లు మాత్రమే కాదు. ఎత్తైన గడపయు, ఊతకఱ్ఱ లేని మెట్లును కావచ్చును. రేపు ప్రొద్దున గుమ్మము ముందు నిలిచి యొకసారి చూడుడు. అచ్చట నొక పలకవాలు వేసి, ప్రక్కనొక కడ్డీ పట్టించినచో, సాయంకాలము గుడికి పోవునపుడు మీ వెంట నింకొకరు బయలుదేఱుదురు.