మనోవర్తి జీతంలోంచే రావాలంటే...

"కోర్టు మనోవర్తి ఇమ్మన్నది గదా, ఇక ఒకటో తారీఖున డబ్బు దానంతటదే వస్తుంది" అనుకునేవాళ్లు మనలో చాలామంది. రాదండీ. అడగాలి!

మా రాయికల్‌లో బీడీలు చుట్టే ఒకావిడ, పిల్లల ఖర్చులకు పంపమని భర్తకు కబురు పెట్టీ పెట్టీ విసిగిపోయింది. "కోర్టుకు పోదామంటే ఆయన జీతమెంతనో నాకేం ఎరుక అక్కా? ఎంతని అడుగుడు?" అంది. ఆమె కోసం వకీళ్లనడిగి తెలుసుకున్న సంగతులివి.

జీతమెంతో చెప్పాల్సింది భర్తే. భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలని 2020 నవంబరులో రజనీష్-నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనోవర్తిని దరఖాస్తు పెట్టిన రోజునుంచే లెక్కగట్టాలనీ అంది.

మరి ఎంతిస్తారు? ఇంత జీతానికి ఇంత అని చట్టంలో పట్టికేమీ లేదు. పిల్లల తిండి, బట్ట, బడి, మందుల ఖర్చు. భర్త సంపాదన, మీ సంపాదన. ఆయనమీద ఆధారపడ్డవాళ్లు - ఇవన్నీ చూస్తారు. 2017లో ఒక తీర్పులో సుప్రీంకోర్టు, చేతికొచ్చే జీతంలో 25 శాతం భార్యకు సబబేనంది. అయినా ఆ భర్తకు రెండో సంసారం ఉందని తల్లీకొడుకులకిచ్చే నెలకు 23,000ను 20,000కు తగ్గించింది. అంటే 25 శాతమన్నది ఒక అంచనా మాత్రమే. ఒకప్పుడైతే క్రిమినల్ చట్టం కింద నెలకు 500కు మించి వచ్చేది కాదు. 2001లో ఆ హద్దు తీసేశారు.

ఇక జీతంలో కోత సంగతి. ఖర్చులకు డబ్బివ్వకుండా ఎండగట్టడం కూడా 2005 నాటి గృహహింస చట్టం దృష్టిలో హింసే. ఆ చట్టం 20వ సెక్షన్ కింద, జీతంలో కొంత నేరుగా భార్యకు చెల్లించమని యజమానినే మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. సివిల్ కోర్టు మనోవర్తి డిక్రీ ఇస్తే, జీతంలో మూడోవంతు భర్తకు వదిలి మిగతాది జప్తు చేయొచ్చు. మామూలు అప్పులకు ఇంత కోత కుదరదు.

క్రిమినల్ కేసులో (2024 జూలై నుంచి కొత్త చట్టంలో 144వ సెక్షన్) డబ్బు ఎగ్గొడితే వారెంటు, నెల బాకీకి నెలదాకా జైలు. కాని బాకీపడ్డ ఏడాదిలోపే అడగాలి, మరిచిపోకండి.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు మగవాళ్లెందరో గల్ఫ్‌లో ఉన్నారు. అక్కడి కంపెనీ చేత జీతం కోయించడం ఇక్కడి కోర్టుకు తేలిక కాదు. ఊళ్లో ఆయన పేరనున్న ఇల్లు, పొలం వివరాలు దగ్గర పెట్టుకోండి. వాటిని జప్తు చేయించవచ్చు.

కేసుకు ఆయన ఊరికి పోనక్కర్లేదు, మీరున్న చోటే వేయొచ్చు. వకీలు ఫీజుకు భయపడొద్దు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పిటిషను మీద సంతకం పెట్టేముందు "జీతంలోంచి నేరుగా ఇప్పించమని రాశారా?" అని వకీలును అడగండి.