బాప్తిస్మం ఒక్కరోజు - శిష్యత్వం ప్రతిరోజూ

1878 జూలై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద, 2,222 మంది ఒకే రోజున బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి ఆ కార్యం జరిపించారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర కాలంలో జరిగిన ఈ సంఘటన మిషన్ చరిత్రలో ప్రసిద్ధికెక్కింది. అయితే ఆ మర్నాటి నుంచి అంతమందికీ బోధించిందెవరు? వారిలో అత్యధికులకు అక్షరం ముక్క రాదు. ఊళ్లు చూస్తే దూరదూరం. క్రైస్తవ జీవితాన్ని వాళ్లు నేర్చుకున్నది చిన్న చిన్న కూటాల్లోనే.

కొండ మీద అయిదుగురు

అసలు ఒంగోలు సంఘానికి పునాది పడిందే ఒక చిన్న కూటంతో. నెల్లూరులో ఏళ్ల తరబడి పనిచేసినా ఫలితం అంతగా లేదని తెలుగు మిషన్‌ను మూసివేయాలన్న మాట 1853లో అమెరికాలో వచ్చింది. 1854 సంవత్సరాది నాటి తెల్లవారుజామున జ్యూవెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఉన్నది అయిదుగురే. ఆ కొండే ప్రార్థన కొండ అయింది. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం ఏర్పడినప్పుడు కూడా సభ్యులు ఎనిమిదిమందే.

తాళ్లకొండపాడు పేరయ్య

యెర్రగుంట్ల పేరయ్య తాళ్లకొండపాడు వాసి. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. గురువుల వద్ద కూర్చుని యోగసాధన చేసినవాడు. వ్యాపారం మీద ఏలూరు ప్రాంతానికి వెళ్లినప్పుడు క్రీస్తు మాట చెవిని పడింది. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. ఇంటికి తిరిగివచ్చి విన్నది తనలోనే దాచుకోక బంధువులకూ, చుట్టుపక్కల పల్లెలవారికీ చెప్పసాగాడు. 1867 జనవరిలో క్లౌ దొర అక్కడికి వెళ్లేసరికి జనం తిండి, పక్కబట్టలు మోసుకువచ్చి సిద్ధంగా ఉన్నారు. అయిదు రోజులు కూర్చుని విన్నారు, అడిగారు, ప్రార్థించారు. ఆ తర్వాతనే 28 మందికి బాప్తిస్మం జరిగింది.

కరువు కాలంలో

1876-78 నాటి కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. బోధకులే మేస్త్రీలుగా ఉన్నారు. పలుగూ పారా పక్కనపెట్టి సేదతీరే వేళల్లో కూలీల మధ్య కూర్చుని క్రీస్తు సంగతులు చెప్పారు. అయినా దాదాపు 15 నెలలపాటు ఎవ్వరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదనీ, ఆకలి తీరాక కూడా నిలిచేవారే రావాలనీ వారి ఉద్దేశం. బోధకులను తయారు చేసేందుకు రామాయపట్నంలో వేదపాఠశాల 1870ల్లోనే వెలసింది. మూడు నెలలకోసారి బోధకులంతా ఒంగోలులో కలిసి, పాఠాలు విని, తిరిగి తమ తమ పల్లెలకు వెళ్లేవారు.

చదివేది ఒకరు, వినేది పదిమంది

తెలుగులో కొత్త నిబంధన 1818లోనే మద్రాసులో అచ్చయింది. కాని అచ్చు పుస్తకం ఉన్నంత మాత్రాన చదువురాని పల్లెకు ఒరిగేదేముంది? ఒకరు చదవగా మిగతావారు విని అప్పజెప్పుకోవలసిందే. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివారి కీర్తనలు ఈ పనికి ఎంతో తోడ్పడ్డాయి. పాటగా నోటికి వచ్చిన సంగతి పొలంలో కలుపు తీస్తున్నా గుర్తుంటుంది గదా! బిడ్డ బడికి వెళ్లి చదువు నేర్చుకుంటే ఇంట్లో బైబిలు చదివే మనిషి దొరికినట్లే. ఊరికి దూరంగా ఉంచబడిన పల్లెల్లోకి అక్షరం ఇలా కూడా ప్రవేశించింది.

కూటం నిలవాలంటే

గృహకూటాలు, కుటీర ప్రార్థనలు నేటికీ పల్లెల్లో ఉన్నాయి. అయితే ఒకరు ప్రసంగం చేస్తే మిగిలినవారు విని లేచిపోయే కూటం శిష్యులను తయారు చేయదు. పది పన్నెండు మందికి మించకుండా కూర్చోవడం మేలు. చదివిన భాగంలో ఏముంది, అది మనకేమి చెబుతోంది, ఈ వారం మనం చేయవలసిందేమిటి - ఈ మూడు ప్రశ్నలు చాలు. పై వారం కూడగానే ముందుగా అడగవలసింది, ‘అనుకున్నది చేశామా?’ అని. పొరుగువాడితో తగవు తీరిందా, తాగుడు మానారా, తీసుకున్న అప్పు తీర్చారా అన్నది అక్కడ తేలుతుంది. కూటంలో ఒకరు చెప్పుకున్న ఇంటి కష్టం మర్నాడు రచ్చబండ మీదికి వచ్చిందంటే ఆ కూటానికి మళ్లీ ఎవరూ రారు. కూలికి వెళ్లివచ్చే స్త్రీలకు వీలైన వేళ చూడటం కూడా ముఖ్యమే.

రోజుకు ఎంత?

బైబిలులో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు ఉన్నాయి. రోజుకు మూడు, ఆదివారం అయిదు చొప్పున చదివితే ఏడాదిలో మొత్తం పూర్తవుతుంది. అంత వీలుకానివారు కొత్త నిబంధనతో మొదలుపెట్టవచ్చు. అందులో 260 అధ్యాయాలు. వారానికి అయిదు రోజులు, రోజుకు ఒకటి చొప్పున సరిగ్గా ఏడాదికి సరిపోతాయి. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు గనుక తేదీకి ఒకటి చదువుకోవచ్చు. చదువురానివారు సెల్‌ఫోనులో ఆడియో బైబిలు వినవచ్చు. పాత తెలుగు మాటలు కుర్రకారుకు కొరుకుడు పడకపోతే పెద్దలు అర్థం చెప్పాలి. కళ్లు ఆనని పెద్దలకు కుర్రవాళ్లు చదివిపెట్టాలి. అలా చేస్తే ఒకే ఇంట్లో ఇద్దరికీ మేలు జరుగుతుంది.