బోన్సాయ్ తొట్టిలో గాలికి చోటు

ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి పెద్ద కుండీలో పోస్తే మందారం ఏపుగా పెరుగుతుంది. అదే మిశ్రమాన్ని 5 సెంటీమీటర్ల లోతున్న బోన్సాయ్ తొట్టిలో నింపితే, గోడ పగుళ్లలో సైతం బతికే రావి కూడా తరచు నీరసించిపోతుంది. మట్టిలో బలం చాలలేదనుకుని మరో గుప్పెడు ఎరువు వేస్తారు. నిజానికి అక్కడ చాలనిది గాలి. లోతు తక్కువ తొట్టికి మట్టిని ఎంచుకునేటప్పుడు అందులో ఎంత సారముందన్నది తర్వాతి మాట. తడిపాక గింజల మధ్య ఎంత ఖాళీ మిగులుతుందన్నది ముందు చూడాలి.

వేళ్లు కూడా ఊపిరి పీలుస్తాయి. లీటరు గాలిలో ఆక్సిజన్ సుమారు 280 మిల్లీగ్రాములుంటే, 25 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో కరిగి ఉండేది 8 మిల్లీగ్రాములే. పైగా నీటిలో అది కదిలే వేగం గాలిలోకన్నా దాదాపు పదివేల రెట్లు తక్కువ. అందుకే సందులన్నీ నీటితో నిండిపోయిన మట్టిలో వేరు ఉక్కిరిబిక్కిరై కుళ్లుతుంది. తొట్టికి చిల్లులున్నాయి కదా, నీరు కారిపోదా అంటే, అంతా కారిపోదు. మిల్లీమీటరు వెడల్పున్న గాజుగొట్టంలో నీరు తనంతట తానే 3 సెంటీమీటర్ల దాకా ఎక్కుతుంది. గొట్టం అందులో పదోవంతు సన్ననైతే 30 సెంటీమీటర్లు ఎక్కుతుంది. మట్టి సందుల్లోనూ జరిగేది ఇదే. సందు ఎంత ఇరుకైతే, తొట్టి అడుగున అంత మందాన నీరు కారకుండా నిలిచిపోతుంది. ఆ మందాన్ని నిర్ణయించేది సందుల పరిమాణమే, తొట్టి లోతుకు దానితో సంబంధం లేదు. మెత్తటి మట్టి పోసిన అడుగు లోతు కుండీలో పైభాగమైనా ఆరుతుంది. 5 సెంటీమీటర్ల తొట్టిలో ఆరేందుకు పైభాగమంటూ ఉండదు. నీళ్లు పోసి, కారడం ఆగాక తొట్టిని ఒక మూలకు వంచి చూడండి, మళ్లీ కారుతుంది. వంచినప్పుడు మట్టి ఎత్తు పెరిగింది, అంతే. అడవిలో చెట్లు బంకమట్టిలోనే పెరగడం లేదా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. నేలలో తడిని కిందికి లాగే మట్టి మీటర్ల కొద్దీ ఉంటుంది, వానపాములూ చచ్చిన వేళ్లూ వదిలిన దారులుంటాయి. తొట్టి అడుగున ఇవేవీ లేవు.

అలాగైతే అడుగున కంకర పరిస్తే సరిపోదా? చాలామంది చేసేది అదే, కానీ మట్టి మెత్తనిదైతే దానివల్ల మేలు లేదు. మెత్తటి మట్టి పట్టుకున్న నీరు కంకర పెద్ద సందుల్లోకి సులువుగా దిగదు. నిలవనీటి పొర కంకర మందాన పైకి జరిగి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. జపాన్‌లోనూ అడుగున పెద్ద గింజలు వేస్తారు, నిజమే. అక్కడ పైన పోసేది కూడా గింజల మట్టే కాబట్టి పెద్ద నష్టం లేదు. అసలైన పని జల్లెడ దగ్గర జరుగుతుంది. గింజలన్నీ 2 నుంచి 5 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. పెద్దవాటిని ఏరేయడంకన్నా పొడిని పారేయడం ముఖ్యం. పెద్ద గింజల సందుల్లో పొడి చేరితే ఆ సందులు పూడిపోతాయి. బంకమట్టిలో కాస్త ఇసుక కలిపితే గుల్లబారుతుందన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది.

ఏ గింజ అన్నది ఆ తర్వాతి ప్రశ్న. జపాన్‌లో పేరుమోసిన అకడమ, తోచిగి ప్రాంతంలోని కనుమ పరిసరాల్లో తవ్వే మట్టి. అగ్నిపర్వత బూడిద మాగి ఏర్పడిన ఈ మట్టిని ఎండబెట్టి, జల్లించి అమ్ముతారు. గింజ లోపల నీరు, గింజల మధ్య గాలి, ఇదీ దాని గొప్పతనం. ఆరితే రంగు తేలిపోతుంది గనుక నీళ్లెప్పుడు పోయాలో కూడా తెలుస్తుంది. మన దగ్గర దాని ధర చెట్టు ధరను మించిపోవచ్చు. అంత ఖర్చు అవసరమని నేననుకోను. బాగా కాలిన ఇటుకను నలగ్గొట్టి జల్లిస్తే ఆ పనిలో చాలావరకు అదీ చేస్తుంది. 24 గంటలు నానబెట్టిన మామూలు ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదని భారతీయ ప్రమాణం చెబుతుంది. మేస్త్రీకి లోపమయ్యే ఆ గుణమే మనకు కావలసింది. సరిగా కాలనిది మాత్రం పనికిరాదు: రాత్రంతా నానబెట్టి వేళ్ల మధ్య నలిపితే బురదయ్యే ముక్క తొట్టిలోనూ బురదే అవుతుంది. సున్నం, సిమెంటు అంటిన పాత ఇటుకలూ వద్దు. క్షారగుణం పెరిగితే వేళ్లకు ఇనుము అందక, ఈనెలు పచ్చగానే ఉండి ఆకు పసుపుబారుతుంది. గ్రానైట్ చిప్స్ లోపల నీటిని దాచుకోవు. సందుల కోసం కొంత కలపవచ్చు, వాటినొక్కటే నమ్ముకోలేం.

మన ఎండలకు ఇంత త్వరగా ఆరిపోయే మట్టి పనికొస్తుందా అన్నది బలమైన అభ్యంతరం. అయితే వేడి పెరిగేకొద్దీ నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, వేరుకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. అంటే మే నెలలో తడి ముద్దగా ఉన్న తొట్టి డిసెంబరులోకన్నా ప్రమాదకరం. కనుక ఎండకు విరుగుడు మెత్తటి మట్టి కాదు. గింజను 2, 3 మిల్లీమీటర్లకు తగ్గించడం, నీరు పీల్చే గింజల పాలు పెంచడం, రెండుపూటలా నీళ్లు పోయడం. రోజూ నీళ్లు పోయలేనివారికి ఈ పద్ధతి సరిపడదు, ఆ మాట దాచనక్కర్లేదు. మొదలు లావెక్కాల్సిన లేత మొక్కకైతే నేలే మేలు. పోషకాల సంగతి ఇంతకన్నా తేలిక. ఇటుక ముక్క పోషకాలను పెద్దగా పట్టి ఉంచదు కాబట్టి వేపపిండి, ఆముదం పిండి వంటివాటిని కొద్దికొద్దిగా, తరచుగా పైన వేయాలి. ఎరువును మట్టిలోనే కలిపేస్తే అది చివికి, మిగిల్చుకున్న సందులనే పూడుస్తుంది.

ఇంత చేసినా కొన్ని చెట్లు కోలుకోవు. కారణం తరచు పాత ముద్దలో ఉంటుంది. నర్సరీ బంకమట్టి వేళ్లచుట్టూ అలాగే ఉండగా దానిచుట్టూ గింజల మట్టి పోస్తే, పోసిన నీరు పక్కనుంచి జారిపోతుంది. లోపలి ముద్ద ఎండితే రాయిలా ఎండుతుంది, తడిస్తే రోజుల తరబడి ఆరదు. రావి, జువ్వి లాంటివాటికి చిగురించే కాలంలో ఆ మట్టిని పూర్తిగా కడిగేయవచ్చు. జూనిపర్, పైన్ అంత దెబ్బకు తట్టుకోవు. వాటికి ఈసారి ఒక సగం కడిగి, రెండో సగాన్ని వచ్చేసారి మట్టి మార్చేదాకా వదిలేయాలి.